పడుకుని కొన్న దీపం

ఆ రోజుల్లో దీపాన్ని మేము పైనుంచి చూసేవాళ్ళం. ఇప్పటి పిల్లలకు ఈ మాట చెబితే తాతకు మతి తప్పిందనుకుంటారు గానీ, నిజం అదే. బుడ్డి దీపం గూట్లో ఉండేది, లాంతరు నేల మీద ఉండేది, వంటింటి దీపం పొయ్యి గట్టు మీద ఉండేది. భోజనానికి కూర్చుంటే లాంతరు కూడా మాతో పాటు విస్తరి పక్కన కూర్చునేది. దాని వెలుగు గడ్డం కిందనుంచి పైకి కొట్టడం వల్ల మా నాయన ఎంత శాంతంగా ఉన్నా భోజనాల దగ్గర కోపంగానే కనపడేవాడు. (పగటిపూట నిజంగానే కోపంగా ఉండేవాడు, అది వేరే సంగతి.) నెత్తి మీద దీపం ఉండే బతుకు మాకు తెలియదు. అటువంటి ఇంటికి కరెంటు వస్తుందనేసరికి, పైకప్పుకు ఎలాంటి దీపం తగిలించాలన్న ప్రశ్న మా ఇంట్లో ముగ్గురు మగవాళ్ళకు మూడు వారాలు మనశ్శాంతి లేకుండా చేసింది. జవాబు తెలిసిన మనిషి ఆ ఇంట్లో ఒక్కతే ఉండేది. ఆమెను అడగాలని మాలో ఎవరికీ తోచలేదు.

మాది చిత్తూరు. నాయనకు బెల్లం మండీ. అమ్మ నా ఏడో ఏటనే పోయింది. అన్న నాయనతో పాటు మండీకి పోయి వచ్చేవాడు. రోజుకు ఆరేడు మాటలు మాట్లాడేవాడు, అందులో నాలుగు బెల్లం దిమ్మెల గురించే. నేను పందొమ్మిదేళ్ళవాణ్ణి, ఒక ఆఫీసులో కొత్తగా గుమాస్తాగా చేరి, ప్రపంచంలో నాకు తెలియనిది లేదన్న నమ్మకంతో ఉన్నాను. ఇక వదిన. ఆమె నాయనకు సొంత అక్క కూతురు. అమ్మ పోయిన ఏడే అన్నను పెళ్ళాడి మా ఇంటికి వచ్చింది. నా తలకు నూనె పెట్టడం, నా చొక్కా గుండీలు కుట్టడం, నేను అబద్ధాలాడితే వెంటనే పట్టుకోవడం, అన్నీ ఆమే. నాకు ఉద్యోగం వచ్చిన రోజు నుంచి నన్ను "కలెక్టరు" అని పిలిచేది. ఆఫీసులో నాకు కూర్చోవడానికి కుర్చీ కూడా లేదని, పాత పెట్టె మీద కూర్చుంటున్నానని ఆమెకు తెలుసు. తెలిసే పిలిచేది.

అప్పటికి రెండేళ్ళుగా వదిన మంచం మీద ఉంది. వెన్నెముకలో జబ్బు. వేలూరు తీసుకుపోయి చూపిస్తే, కదలకుండా వెల్లకిల పడుకోబెట్టమన్నారు. రెండోసారి తీసుకుపోయినప్పుడు డాక్టరు అన్నను మాత్రం బయటికి పిలిచి, ఒక ఏడాది అన్నాడట. అన్న ఆ మాట ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు నుంచి ఆ ఆరేడు మాటలు కూడా మానేశాడు గనుక చెప్పకుండానే అందరికీ తెలిసింది. అందరికంటే ముందు వదినకు తెలిసింది. అప్పట్లో నాకు ఇది చెప్పుకోదగిన దుఃఖంగా తోచలేదు. వదిన ఉంటుంది, ఎందుకుండదు అనుకునేవాణ్ణి. పందొమ్మిదేళ్ళ వయసు అంత మొద్దుది.

నడిమింట్లో ఆమె మంచం ఉండేది. మాది మిద్దె ఇల్లు, పైన కప్పును మోసే పందొమ్మిది కర్ర దంతెలు. వదిన రెండేళ్ళుగా వాటిని చూసి చూసి ఒక్కొక్కదానికి బంధువుల పేరు పెట్టింది. వంకర తిరిగింది మా అత్త, అంటే వదిన సొంత తల్లి. నడుమ చీలిక వచ్చినా బరువు మోస్తున్నది నాయన. నున్నగా, ఉలుకూ పలుకూ లేకుండా ఉండేది అన్న. అది సరిగ్గా ఆమె మంచానికి పైనే ఉండేది. చెద పట్టి, కర్రతో తడితే డొల్లగా మోగేది నేను. "రంగు మాత్రం బాగుండాది కలెక్టరుకు" అని నవ్వేది. ఆ దంతె కింద నిలబడి నేను ఎన్నిసార్లు అలిగానో లెక్క లేదు.

రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక, తీగలూ సామాన్లూ మళ్ళీ దొరకడం మొదలై, మా వీధికి కరెంటు స్తంభాలు వచ్చాయి. మామిడి పూత నాటికి వీధి చివర ఒకటి పాతారు, కాయ పిందె పడేసరికి మా గుమ్మం ముందు ఇంకొకటి. ఇక మా ఇంట్లో సమావేశాలు మొదలయ్యాయి. మండీలో అప్పటికే ఆకుపచ్చ రేకు గొడుగు వేలాడే దీపం ఉండేది. నాయన ఓటు దానికి. "కింద పడినా పగలదు, తుడిస్తే సాలు" అన్నాడు. అన్న ఆ వారానికి దాచిపెట్టుకున్న మాట బయటికి తీసి "గుండు" అన్నాడు. ఏం గుండని నాయన అడిగితే "వకీలింట్లో గుండు" అన్నాడు. పైకప్పుకు అంటుకుని ఉండే పాల గాజు గుండు అని నేను విడమరచి చెప్పాను. నేను మాత్రం ఆఫీసులో ఎవరి దగ్గరో అడిగి తెచ్చిన బొమ్మల పుస్తకం ముందు పెట్టుకుని, వెలుగు సూటిగా కింద పడకూడదనీ, కప్పుకు తగిలి చెదరాలనీ, దానికి మూడు గొలుసులతో వేలాడే గాజు గిన్నె కావాలనీ ఉపన్యాసం ఇచ్చాను. (నేను అంతవరకు గాజు గిన్నె దీపాన్ని బొమ్మలో తప్ప చూడలేదు.)

మూడు వారాలు వాదించి నాయన తీర్పు చెప్పాడు. "ఏదో ఒక మంచి దీపం ముందర సాలలో ఏద్దాం. వచ్చేవాళ్ళు పొయ్యేవాళ్ళు సూస్తారు. వంటింటికీ నడిమింటికీ ఉత్త బల్బు సాలు. పండుకోనుండే మనిషికి సోకు దీపం ఎందుకు."

నాయన చెడ్డగా అనలేదు. మండీ మనిషి, ఏ సరుకు ఎక్కడ పెడితే నలుగురికి కనపడుతుందో ఆలోచించాడు, అంతే. కానీ నడిమింటి తలుపు తెరిచే ఉంది. లోపలినుంచి వదిన గొంతు వినపడింది, ఎప్పటి మాదిరే నవ్వుతూ.

"మామా, వచ్చేవాళ్ళు నీ మొగం సూస్తారు గానీ పైకి యాడ సూస్తారు? ఈ ఇంట్లో పైకి సూసేదాన్ని నేనొక్కదాన్నే."

ముగ్గురం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేకపోయాం. నాయన భుజం మీది తువ్వాలు తీసి మడిచాడు, విప్పాడు, మళ్ళీ మడిచాడు. ఆ తర్వాత నడిమింటి గడప దగ్గరికి పోయి, "అట్లయితే నీకాడనే ఏద్దాంలేమ్మా. ఏది కావాల్నో నువ్వే సెప్పు" అన్నాడు. నాయన ఒక తీర్పు మార్చుకోవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

"నేను యాడికని పోయి సూసేది? కలెక్టరును పంపించు" అంది వదిన. నన్ను దగ్గరికి పిలిచి గొంతు తగ్గించి చెప్పింది. "అబ్బోడా, నువ్వు నిలబడి సూసి తెచ్చేవు. అందరూ నిలబడే సూసి కొంటారు. నాకు కనపడేది అడుగు. పొద్దున కండ్లు తెరిస్తే అడుగు, మాపటికీ అడుగే. అందుకని పండుకోని సూసి తే."

"అంగట్లో పడుకోమంటావా?"

"పండుకుంటే నీ కలెక్టరుగిరీ ఏమీ పోదులే. ఒట్టు ఏయి."

ఒట్టు వేశాను. లేచి వస్తుంటే ఇంకో మాట అంది. "బాగా ఎంచు. గానీ శానా దినాలు ఎంచొద్దు." నేను సరేనన్నాను. ఆ రెండో మాటకు అర్థం పాకాల దాటాక రైల్లో నాకు తట్టింది. అంతవరకు కిటికీ పక్కన కూర్చుని గుడ్డు బొండా తింటున్నవాణ్ణి, మిగిలిన సగం చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను.

చిత్తూరులో రేకు గొడుగులు తప్ప దొరకవు గనుక తిరుపతికి పోయాను. ఆఫీసులో హెడ్ గుమాస్తాకు వదిన మందు కోసమని చెప్పి సెలవు తీసుకున్నాను. గోవిందరాజస్వామి గుడి వైపు పోయే వీధిలో ఒక పెద్ద అంగడి, మద్రాసు సరుకు తెచ్చి అమ్మేవాళ్ళు. షావుకారు లావాటి మనిషి, నడుముకు వెండి మొలతాడు, దానికి ఒక పెద్ద బీగాల గుత్తి. దీపాలన్నీ బల్ల మీద పేర్చి ఉన్నాయి. వాటిని పైకి తగిలించి చూపించమన్నాను. "పైకి ఎందుకప్పా, ఈడ సూస్తే కనపడదా?" అన్నాడు. కనపడదన్నాను. నా తెల్ల చొక్కా చూసి గౌరవించాడో, పిచ్చివాణ్ణని భయపడ్డాడో గానీ, కొక్కెం కర్రతో రేకు గొడుగునూ, గుండునూ, గొలుసుల గిన్నెనూ వరసగా కప్పు కొక్కేలకు తగిలించాడు. తగిలించి, గుండుకు ఇత్తడి మూత తెస్తానని లోపలికి పోయాడు.

తల పైకెత్తి చూశాను. మెడ నొప్పి పుట్టింది గానీ వదినకు కనపడేది నాకు కనపడలేదు. నిలబడినవాడు దీపాన్ని ఎంత దగ్గర నుంచి చూసినా పక్కనుంచే చూస్తాడు. అటూ ఇటూ చూశాను. అంగట్లో ఎవరూ లేరు. ఒట్టు గుర్తుకొచ్చింది. పైబట్ట నాపరాళ్ళ మీద పరిచి, చెప్పులు పక్కన విడిచి, వెల్లకిల పడుకున్నాను.

ముందు రేకు గొడుగు కింద పడుకున్నాను. కిందనుంచి చూస్తే గొడుగు లేనే లేదు, నడుమ బల్బు పెట్టే బొక్క ఒకటే నన్ను చూస్తోంది. బల్బు పెడితే కళ్ళల్లోకే కొడుతుంది. కొంచెం జరిగి గుండు కింద పడుకున్నాను. తెల్లటి గుండ్రన, అంతే. నాలుగు నిమిషాలు చూశాక ఇక చూడడానికి ఏమీ మిగల్లేదు. రెండేళ్ళు చూసేవాళ్ళ గతి ఏమిటి అనుకున్నాను. ఇంకా జరిగి గిన్నె కిందికి పోయాను. పక్కనుంచి అది ఉత్త పాలరంగు గిన్నె. అడుగున మాత్రం ఎవరో మహానుభావుడు సన్నటి ఆకుల తీగ ఒకటి చుట్టూ గీసి, దాని నడుమ ఒక చిన్న పిట్టను వేశాడు. లేత నీలం పిట్ట, తల ఒక పక్కకు తిప్పి ఉంది. ఎవరికీ కనపడని చోట ఎందుకు వేశాడో తెలియదు. రెప్ప వేయకుండా దాన్నే చూస్తూ ఉండిపోయాను.

అదే నా కొంప ముంచింది. కొండ దిగి వస్తున్న యాత్రికులు వీధి నిండా ఉన్నారు. గుండుకు గంధం పూసుకున్న ఒక పెద్దామె అంగట్లోకి తొంగి చూసి, "అయ్యో, బిడ్డకు మూర్ఛ వచ్చిందే" అంది. పదిమంది లోపలికి వచ్చేశారు. "కండ్లు సూడు, పైకే నిలిచిపోయినాయి" అన్నాడొకాయన. "పస్తుతో కొండెక్కి దిగినాడేమో" అన్నాడు ఇంకొకాయన. "మాటలు కాదు, సేతిలో ఇనుము పెట్టండి" అంది పెద్దామె. అప్పుడే ఇత్తడి మూతతో బయటికి వచ్చిన షావుకారు, ఇందాక నిలబడి ఉన్న గిరాకీ ఇప్పుడు నేల మీద ఉండడం చూసి, మొలతాడుకున్న బీగాల గుత్తి తెంపి నా పిడికిట్లో కుక్కి, రెండు చేతులతో బిగించి పట్టుకున్నాడు. మా సీమలో మూర్ఛకు అంతకంటే మందు లేదు.

"నాకేం కాలేదు, లైటు చూస్తా ఉండాను" అన్నాను. "వచ్చినోళ్ళందరూ అట్లే అంటారు" అని నా కాళ్ళు ఇద్దరు పట్టుకున్నారు. ఎవరో ఉల్లిగడ్డ చితక్కొట్టి ముక్కు దగ్గర పెట్టారు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "తెలివొస్తా ఉండాది" అని అందరూ సంతోషించారు. ఆ గుంపులోనుంచి ఒక కొత్త గుండు నా మీదికి వంగి, "ఈ పిల్లోడు మా ఆఫీసే" అంది. గొంతు విన్నాక గుర్తుపట్టాను, అది మా హెడ్ గుమాస్తా గారు. మొక్కు తీర్చుకోవడానికి వచ్చారట. "వదినకు మందంటివే?" అన్నారు. నేను పడుకునే చేయెత్తి గిన్నెను చూపించి, "దానికోసమే సార్" అన్నాను. ఆయన పైకి చూశారు, నన్ను చూశారు, పక్కవాళ్ళతో "పాపం, మంచి చేతిరాత" అన్నారు.

నేను లేచి కూర్చుని సంగతంతా చెప్పేసరికి గుంపు చల్లబడింది. నవ్వుతారనుకున్నాను. ఒక్కరూ నవ్వలేదు. పెద్దామె "ఎన్నాళ్ళుగా నాయనా?" అని అడిగింది. రెండేళ్ళన్నాను. ఆమె నా పైబట్ట మీద కూర్చుని, చేతులు వెనక్కి ఆనించి తల వాల్చి, మూడు దీపాలనూ ఒక్కొక్కటే చూసింది. "ఇదే తీసకపో. పిట్ట తోడుగా ఉంటాది" అని, కొంగున ముడివేసుకున్న ప్రసాదంలో సగం వదినకిమ్మని నా చేతిలో పెట్టింది. అందరూ వెళ్ళిపోయాక షావుకారు వీధి వైపు ఒకసారి చూసి, ఆపసోపాలు పడుతూ నా పక్కన తానూ పడుకున్నాడు. "ఎన్నేండ్లుగానో అమ్ముతా ఉండాను, ఈ పిట్ట ఉండేది నాకే తెలీదప్పా" అన్నాడు. లేపడానికి నేను రెండు చేతులూ పట్టుకుని లాగాల్సి వచ్చింది. కరెంటు పెట్టి వెలిగించి చూపించేదా అని అడిగాడు. వీధిలో ఇంకా ఇద్దరు ముగ్గురు నా వైపే చూస్తుండడంతో, అక్కర్లేదు, వరిగడ్డి వేసి కట్టివ్వమన్నాను.

గంపను ఒళ్ళో పెట్టుకుని, పసిబిడ్డను తెచ్చినంత జాగ్రత్తగా రైల్లో తెచ్చాను. నాకంటే ముందే వార్త చేరింది. హెడ్ గుమాస్తా గారు నాయనకు మండీలోనే ఓదార్పు చెప్పి పోయారట. పలమనేరు పక్క నాకు ఒక సంబంధం అనుకుంటున్నారు, ఆ వారమే వాళ్ళు మర్యాదగా మానుకున్నారు. ఆఫీసులో నేను రిటైరయ్యేదాకా బీగాల గుమాస్తానే. (తర్వాత ఎన్నో ఏళ్ళకు నన్ను చేసుకున్న మహాతల్లి కూడా ఈ పుకారు విని, కొత్తలో ఆరు నెలలు తలగడ కింద ఇనప తాళాలు పెట్టుకునే పడుకుంది. ఎందుకని అడిగితే దొంగల భయమంది.) వదినకు మాత్రం జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆమె నవ్వకూడదు, నవ్వితే వెన్ను నొప్పి. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, కళ్ళ నీళ్ళు కారుతుండగా, "షావుకారు కూడానా? షావుకారు కూడా పండుకున్నాడా?" అని మళ్ళీ మళ్ళీ చెప్పించుకుంది. ఆ ఇంట్లో చాలా నెలలకు అదే పెద్ద నవ్వు. అదే ఆఖరిదని తెలిస్తే ఇంకో నాలుగు అబద్ధాలు కలిపి చెప్పేవాణ్ణి.

దీపం వచ్చింది గానీ కరెంటు రాలేదు. స్తంభానికీ మా గోడకూ నడుమ పదడుగుల దూరం ఉంది, ఆ పదడుగుల తీగ ఎప్పుడు వేస్తారంటే ఈ కాగితం పోవాలి, ఆ దొర చూడాలి అన్నారు. మామిడి కాయ పండింది, కోతలూ అయిపోయాయి. వదిన ఒకరోజు, "అది ఎలగకపోతే ఏమి, తగిలించండి. పగలు సూసుకుంటా" అంది. గట్టి దంతె ఏదో చూసి వైరుమ్యాను కొక్కెం దిగగొట్టాడు. అది అన్న దంతె. గిన్నె వేలాడగానే వదిన చాలాసేపు దాని అడుగునే చూసింది. ఆ తర్వాత, "పిట్ట నన్ను సూడ్లా. వంటింటి పక్క సూస్తా ఉండాది. ఆకలి పిట్ట" అంది. అన్న ముక్కాలి పీట ఎక్కి, గొలుసులు పట్టుకుని గిన్నెను తిప్పాడు.

"ఇట్లనా?"

"ఇంకా కొంచెం."

"ఇట్లనా?"

"శానా తిప్పితివి. మళ్ళా వాకిలి పక్క సూస్తా ఉండాది."

"ఇప్పుడు?"

"ఆ. గానీ కొంచెం కిందికి."

ఆ రోజు నుంచి రోజూ ఇదే తంతు. గాలికి తిరిగిందని ఒకరోజు, దుమ్ము పడిందని ఒకరోజు. అన్న మండీ నుంచి రాగానే పీట ఎక్కేవాడు, పంచె చెంగుతో అడుగు తుడిచేవాడు, ఇట్లనా అట్లనా అని అడిగేవాడు. నడిమింటికి గాలి వచ్చే కిటికీ ఒక్కటే, అదీ మూసే ఉండేది. పిట్ట ఎందుకు తిరుగుతోందో నాకు అర్థం కాక వైరుమ్యాన్ను నాలుగు తిట్లు తిట్టాను కూడా. పిట్ట ఎక్కడికీ తిరగలేదని, వదిన అన్న చేత మాటలు పలికిస్తోందని ఇప్పుడు తెలుసు. ఏడాదిలో అన్న ఆమెతో మాట్లాడని మాటలన్నీ ఆ పీట మీద నిలబడి మాట్లాడాడు. జీవితంలో నాకు గర్వంగా ఉన్న పని ఆ గిన్నె తేవడం ఒక్కటే.

వానలు మొదలైన వారంలో ఒక మధ్యాహ్నం నన్ను పిలిచి, "కలెక్టరూ, బాగా ఎంచినావు" అంది. నేను ఎప్పటి మాదిరే గొప్పలు పోయాను. కరెంటు రానీ, అప్పుడు చూద్దువు దీని తమాషా అన్నాను. "దానికేం, వచ్చినప్పుడు మీరు సూడండి" అంది. మూడోనాటి పొద్దున అన్న పిలిచిన పిలుపుకు నాయనా నేనూ పరిగెత్తుకుని పోయాం. ఆమె కళ్ళు పైకే ఉన్నాయి. నాయన వంగి వాటిని మూసి, మూసిన చేయి తీయలేక అట్లాగే కూర్చున్నాడు. నాకు ఏడుపు వెంటనే రాలేదు. ఆఫీసుకు పోవడానికి చొక్కా తొడుక్కుంటే గుండీ ఒకటి ఊడి చేతిలోకి వచ్చింది, అప్పుడు వచ్చింది.

కరెంటు ఆమె పోయిన పదిహేనో రోజు వచ్చింది. పొద్దు వాలుతుండగా వైరుమ్యాను మీట ఎక్కడుందో చూపించి, ముందర సాలలో బల్బు వెలిగించి, వంటింట్లో వెలిగించి, నడిమింటి గడప దగ్గర ఆగి మా ముఖాలు చూసి, "మీరే ఏసుకోండి" అని వెళ్ళిపోయాడు. మంచం తీసేసిన చోట నేల మీద నాలుగు కోళ్ళ గుర్తులూ తెల్లగా ఉన్నాయి. ఎవరమూ మీట దగ్గరికి పోలేదు. చివరికి నాయన పోయి నొక్కాడు. గది నిండా వెలుగు. పందొమ్మిది దంతెలూ, నా దంతెలో చెద పొడితో సహా, అన్నీ కనపడ్డాయి. నాయన నేను చెప్పిన శాస్త్రం నిజమేనన్నట్టు తల ఊపాడు.

అన్న భుజం మీది తువ్వాలు తీసి, ఆ నాలుగు గుర్తుల నడుమ పరిచి, వెల్లకిల పడుకున్నాడు. చేతులు పక్కన పెట్టుకుని, కళ్ళు పైకి నిలిపి, కదలకుండా. నాయన ఒక్క క్షణం చూశాడు. ఏమనుకున్నాడో, వంటింట్లోకి పరుగున పోయి గోడకు తగిలించిన బీగాల గుత్తి తెచ్చి, అన్న పిడికిట్లో పెట్టి, రెండు చేతులతో బిగించి పట్టుకున్నాడు. "రేయ్, రేయ్" అన్నాడు.

"నాకేం కాలేదు నాయనా" అన్నాడు అన్న. "పిట్టను సూద్దామని."

గుత్తి మాత్రం వదలలేదు. కాసేపటికి మళ్ళీ తనే అన్నాడు. "పిట్ట లేదు."

నేను పోయి పక్కన పడుకుని చూశాను. లేదు. తీగ కూడా లేదు. గిన్నె అడుగంతా తెల్లగా మండుతోంది. పలుచని నీలం రంగు, వెనక బల్బు వెలిగితే ఎలా నిలుస్తుంది? అప్పుడు అర్థమైంది నేను చేసిన పని. దీపం కొనడానికి తిరుపతి దాకా పోయి, పడుకుని చూసి, ఊళ్ళో నవ్వులపాలై, దాన్ని ఒక్కసారి వెలిగించి మాత్రం చూడలేదు. వెలిగించేదా అని అడిగితే సిగ్గుపడి వద్దన్నాను. అది పిట్ట ఉన్న దీపం అని వదినకు ఎంత గొప్పగా చెప్పానో తలచుకుంటే నేలలోకి పోదామనిపించింది.

"ఆర్పు నాయనా" అన్నాడు అన్న.

నాయన లేచి ఇంట్లో దీపాలన్నీ ఆర్పి, తిరిగి వచ్చి, మోకాళ్ళు పట్టుకుని మెల్లగా అన్నకు అటువైపు తానూ పడుకున్నాడు. సందె వెలుగు ఇంకా కొంచెం ఉంది. కళ్ళు సర్దుకోవడానికి కాస్త పట్టింది. ముందు తీగ కనపడింది, ఆ తర్వాత పిట్ట. తల తిప్పి మా వైపే చూస్తోంది. ముగ్గురం అట్లాగే పడుకుని ఉన్నాం. వీధిలో మిగతా ఇళ్ళన్నీ వెలుగుతున్నాయి, మాది ఒక్కటే చీకటిగా ఉంది. మొదటిరోజే మా కరెంటు పోయిందేమోనని పక్కింటివాళ్ళు వచ్చి అడిగి పోయారు.

ఆ దీపం అన్న ఉన్నంతకాలం అక్కడే ఉంది. సాయంత్రం అన్ని దీపాలూ వేసినా నడిమింటిది కాసేపు ఆగి వేసేవాళ్ళం. ఎందుకని కొత్తగా వచ్చినవాళ్ళు అడిగితే కరెంటు పొదుపని చెప్పేవాళ్ళం. వెలిగించి చూడకపోవడం నా తప్పే. అయితే వెలిగితే పోయే పిట్టను, వెలగనన్నాళ్ళూ వదిన తనివితీరా చూసుకుంది. ఆ ముక్క తోచడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. తోచాక కొంచెం నిద్ర పట్టింది.

మొన్న మా మనవరాలు తిరుపతిలో ఇల్లు కట్టుకుంటూ, దీపాలు ఎంచడానికి నన్నూ వెంట తీసుకుపోయింది. అంగడంతా దీపాలు ఒక్కుమ్మడిగా వెలుగుతున్నాయి, తల ఎత్తితే కళ్ళు చెదిరిపోతున్నాయి. నేను ఒకదాన్ని చూపించి, దీన్ని కాస్త ఆర్పి చూపించప్పా అన్నాను. "తాతా, లైటును ఆర్పి ఎవరైనా కొంటారా?" అన్నాడు అంగడాయన. మనవరాలు ఆర్పమంది. నేల నున్నటి పాలరాయి, నా మోకాళ్ళకు ఎనభై ఏళ్ళు. అయినా పంచె సర్దుకుని, బల్ల పట్టుకుని, మెల్లగా వంగి పడుకున్నాను. అంగట్లోవాళ్ళు నలుగురు ఉలిక్కిపడి దగ్గరికి వచ్చారు. వాళ్ళకంటే ముందు మనవరాలు వంగి నా చేతిలో ఏదో పెట్టి, వేళ్ళు మూసింది. చూస్తే దాని స్కూటరు తాళం, చివర ప్లాస్టిక్ బొమ్మ ఒకటి వేలాడుతోంది. అందులో ఇనుము ఎంతుందో నాకు తెలియదు గానీ, గట్టిగానే పట్టుకున్నాను.